తలకి దెబ్బేమీ లేదని నేను చెప్పాను

ఆ పొద్దున మా ఆవిడ వరహాలు పాల ప్యాకెట్ మూల కత్తిరించి, పాలన్నీ సింకులో పోసి, ఖాళీ కవరుని జాగ్రత్తగా గిన్నెలో పెట్టి స్టవ్ వెలిగించింది. ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చేదాకా నేను పేపరులోంచి తల ఎత్తలేదు. వెళ్ళి స్టవ్ ఆర్పేసరికి ఆమె గిన్నెలోకి చూస్తూ నిలబడి ఉంది.

"సూసినారా, ముసిల్దాన్నైపోనాను," అని నవ్వింది.

నేనూ నవ్వాను. డైరీలో "వరహాలు పరధ్యానం, పాలు పోయాయి" అని రాసి ఊరుకున్నాను. ఏదో తేడాగా ఉందని మాత్రం ఆ క్షణంలోనే అనిపించింది. ఆ మాట రాయలేదు. జరిగింది రాయడమే తప్ప అనిపించింది రాయడం నాకు అలవాటు లేదు.

నా వయసు అరవై తొమ్మిది. బిలాస్‌పూర్ రైల్వేలో క్రూ కంట్రోలరుగా పనిచేసి రిటైరయ్యాను. ఏ డ్రైవరు ఏ బండి ఎక్కాలి, ఎవరి డ్యూటీ గంటలు నిండాయి, ఎవరిని ఎక్కడ దింపి రిలీఫ్‌గా ఇంకో డ్రైవరుని పంపాలి, ఇదీ నా పని. మా నాన్నగారు పార్వతీపురం దగ్గర్నుంచి వచ్చి ఇక్కడి లోకో షెడ్డులో ఖలాసీగా చేరారు. నేను పుట్టిందీ, పెరిగిందీ, ఉద్యోగం చేసిందీ ఈ హిందీ ఊళ్ళోనే. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి రోజుకొక పేజీ డైరీ రాస్తున్నాను. ఈ అనుభవం కూడా ఆ పేజీలు ముందు పెట్టుకునే రాస్తున్నాను.

పాలు పోయిన రోజుకి పదిహేడు రోజుల ముందు మేం అమర్‌కంటక్ వెళ్ళాం. నర్మద పుట్టినచోట స్నానం చెయ్యాలని వరహాలు చాలాకాలంగా అడుగుతోంది. మా అబ్బాయి ఈశ్వర్ బ్యాంకులో పనిచేస్తాడు, మాతోనే లింగియాడీహ్ ఇంట్లో ఉంటాడు. వాడికి మోటారు సైకిలే గాని కారు లేదు. టాక్సీవాడైతే తొందరపెడతాడని, మనమే నడుపుకునే కారు ఒకటి అద్దెకి తెచ్చాడు. మా అమ్మాయి రమణి కోనీలో యూనివర్సిటీ ఆఫీసులో పనిచేస్తూ అక్కడే గది తీసుకుని ఉంటోంది. ఆమె కూడా వచ్చింది.

అద్దె కాగితాలు నేను రెండుసార్లు చదివాను. టైర్లు, స్టెప్నీ, డోరు మీద పాత గీతలు అన్నీ డైరీలోకి ఎక్కించాను. కాగితంలో డ్రైవరు పేరు దగ్గర ఈశ్వర్ పేరొక్కటే ఉంది. పేరున్న డ్రైవరు తప్ప ఇంకొకరు నడపరాదన్న వాక్యం కూడా చదివాను. బండి తీసుకెళ్ళి బయటివాళ్ళకి ఇవ్వకూడదని దాని అర్థం అనుకున్నాను. ఇంట్లోవాళ్ళకి అది వర్తిస్తుందని నాకు తట్టలేదు.

తిరుగు ప్రయాణంలో కెందా దాటాక టీకి ఆగాం. వాచీ చూశాను. పదహారు నలభై, సాయంత్రం అయిదు కావస్తోంది. ఈశ్వర్ తెల్లారి అయిదుకి స్టీరింగు పట్టుకున్నాడు.

"నీ గంటలు అయిపోయాయి. దిగు. చెల్లి నడుపుతుంది," అన్నాను.

"నాన్నా, మధ్యలో నాలుగు గంటలు గుళ్ళోనే ఉన్నాం కదా. నాకేం అలుపు లేదు."

"సైన్ ఆన్ నుంచే లెక్క, డ్యూటీ ఎక్కిన నిమిషం నుంచి."

వరహాలు టీ గ్లాసు పట్టుకుని నవ్వింది. "మీ నాన్నకి మనమందరం గూడ్సు డ్రైవర్లమేరా. దిగిపోరా, లేదంటే మెమో ఇచ్చెస్తారు."

రమణికి లైసెన్సు ఉంది, బాగా నడుపుతుంది. ఈశ్వర్ తాళం ఆమె చేతిలో పెట్టి ముందు పక్క సీట్లోకి మారాడు. అలసిన మనిషిని బండి నడపనివ్వకపోవడం నా ఉద్యోగంలో నేను అందరికన్నా బాగా చేసిన పని. ఆ రోజు కూడా మంచి పనే చేశాననుకున్నాను.

రతన్‌పూర్ ఇంకా నాలుగు కిలోమీటర్లు ఉందనగా రోడ్డు మీద ఆవులు పడుకుని ఉన్నాయి. వానాకాలంలో ఇక్కడ అది మామూలే. వాటిని దాటుతుండగా ఒక దూడ లేచి అడ్డం వచ్చింది. రమణి ఎడమకి తిప్పింది. ఎడమవైపు ట్రాక్టరు ట్రాలీ ఆగి ఉంది. బండి వేగం ఎక్కువ లేదు. ముందు మూల నొక్కుకుపోయి, ఎడమ డోర్లు రెండూ గీసుకుపోయాయి. వరహాలు వెనక ఎడమవైపు, నా పక్కన కూర్చుంది. ఆమె తల డోరు పైన ఇనుముకి తగిలింది. వెనక సీట్లో బెల్టు పెట్టుకోవాలని మాలో ఎవరికీ తోచలేదు, నాక్కూడా.

చెవి పైన బొప్పి కట్టింది. రక్తం లేదు. వాంతి లేదు. "నాకేటీ అవలేదు, ముందు పిల్లని సూడండి, వొణికిపోతంది," అంది. ట్రాక్టరువాడు వచ్చి ట్రాలీకి ఏమీ కాలేదని చూసుకుని వెళ్ళిపోయాడు. బండి నడిచే స్థితిలోనే ఉంది. నెమ్మదిగా ఊళ్ళోకి తెచ్చి, వరహాలుని ఇంటి దగ్గర దింపి, ముగ్గురం అద్దె దుకాణానికి వెళ్ళాం.

దుకాణం ఆయన నలభై ఏళ్ళవాడు, మర్యాదస్తుడు. బండి చుట్టూ తిరిగి చూసి ఫారం తీశాడు. నడిపింది ఎవరని హిందీలో అడిగాడు.

"నేను," అంది రమణి.

ఆయన పెన్ను బల్ల మీద పెట్టేశాడు. "దీదీ, ఆ మాట మీరు అనలేదు, నేను వినలేదు. అగ్రిమెంటులో పేరు భయ్యాది. ఇంకొకరు నడిపారని వెళ్తే ఇన్సూరెన్సు రాదు, బండి బాధ్యత మొత్తం మీ నెత్తినే. ఎవరికైనా దెబ్బలు తగిలాయా?"

"అమ్మకి తల మీద బొప్పి కట్టింది," అంది రమణి.

"బొప్పి దెబ్బ కాదు దీదీ. దెబ్బ అని రాస్తే పోలీసు వస్తుంది, కేసు అవుతుంది. కేసు మీ మీదే అవుతుంది."

ఆ నెలలోనే రమణికి పర్మనెంటు ఆర్డరు రావాలి. ఆరేళ్ళు కాంట్రాక్టు మీద చేసింది. పోలీసు వెరిఫికేషను ఒక్కటే మిగిలి ఉంది. ఆ సంగతి నాకు తెలుసు. ఆమె ఏదో అనబోతుంటే, "నువ్వు బయట కూర్చో అమ్మా," అన్నాను. బయటికి వెళ్ళింది.

దుకాణం ఆయనే రాశాడు. బండి ఈశ్వర్ నడుపుతున్నాడు, ఎవరికీ ఏ గాయాలూ లేవు. ఈశ్వర్ సంతకం పెట్టాడు. సాక్షిగా నేను పెట్టాను. ఇంటికి వచ్చి డైరీలో ఇలా రాశాను: "16.40 రమణి రిలీఫ్. రతన్‌పూర్ ముందు బండి ట్రాలీకి తగిలింది. వరహాలు తలకి ఎడమవైపు దెబ్బ, బొప్పి, ఐసు పెట్టాం." ఒకే రోజు ఒకే చేత్తో రెండు రకాలుగా రాశాను.

తర్వాత రెండు వారాలు ఏమీ లేదు. బొప్పి తగ్గింది. పదిహేడో రోజు పాలు పోయాయి. పద్దెనిమిదో రోజు తలనొప్పి అంది. పందొమ్మిదో రోజు మధ్యాహ్నం మొత్తం నిద్రపోయింది. ఇరవయ్యో రోజు కూరల బండివాడు గుమ్మం దగ్గరికి వచ్చినప్పుడు నాకు భయం వేసింది. సదర్ బజార్లో బట్టల షాపువాడిని హిందీలో మాట్లాడి ఓడించే మనిషి, ఆ రోజు బీరకాయలు చూపించి, "అవి... అవి..." అని ఆగిపోయింది. చివరికి తెలుగులో అడిగింది. బండివాడు నా వైపు చూశాడు.

ఆ సాయంత్రమే మాకు ఎప్పటినుంచో తెలిసిన ఫిజీషియన్ దగ్గరికి తీసుకెళ్ళాను. బయల్దేరే ముందు ఈశ్వర్ బ్యాంకు నుంచి ఫోను చేశాడు. "నాన్నా, దుకాణం ఆయన మళ్ళీ చెప్పాడు. ఇన్సూరెన్సువాళ్ళ సర్వే అయ్యేదాకా ఆసుపత్రిలో యాక్సిడెంట్ మాట ఎత్తొద్దంట. వాళ్ళు ఒకసారి రాశారంటే ఇక చెరగదంట. అయినా అప్పుడెప్పుడో తగిలిన బొప్పికీ దీనికీ ఏటి సంబంధం?"

నాకూ సంబంధం కనబడలేదు. కనబడలేదని ఇప్పుడు రాస్తున్నాను గాని, కనబడకూడదనే కోరుకున్నానేమో.

డాక్టరు బీపీ చూశాడు. కళ్ళలోకి లైటు వేశాడు. గుండె కోసం ఆమె రోజూ వేసుకునే, రక్తం పలచబరిచే బ్లడ్ థిన్నర్ మాత్ర గురించి అడిగి రాసుకున్నాడు. తర్వాత హిందీలో, "మాతాజీ, ఈ మధ్య ఎక్కడైనా పడ్డారా? తలకి దెబ్బ ఏమైనా తగిలిందా?" అన్నాడు.

వరహాలు చెయ్యి ఎత్తి ఎడమ చెవి పైన పెట్టుకుంది. హిందీ మాట కోసం వెతుక్కుంది, దొరకలేదు. "ఆ రోజు... కారులో... ఇక్కడ..." అని తెలుగులో అంది.

డాక్టరుకి తెలుగు రాదు. "ఏమంటున్నారు?" అని నన్నడిగాడు.

"కారులో తీర్థానికి వెళ్ళి వచ్చాం డాక్టర్‌సాబ్. అప్పట్నుంచి అలసటగా ఉందంటోంది. తలకి దెబ్బేమీ లేదు," అన్నాను.

ఆమెకి హిందీ మాటలు రావడం లేదు గాని, విన్నది అర్థమవుతోంది. చెయ్యి తలమీదే ఉంచుకుని నా వైపు చూసింది. నలభై మూడేళ్ళ కాపురంలో నలుగురిలో నా మాటకి ఆమె ఎదురు చెప్పిన రోజు లేదు. ఇంటికొచ్చాక కడిగేసేది, అది వేరే సంగతి. చెయ్యి మెల్లిగా దించి ఒళ్ళో పెట్టుకుంది. ఇంటికి వచ్చాక కూడా ఏమీ అనలేదు. నేను చూసుకున్నాను కాబట్టి అంతా సరిగ్గానే ఉంటుందని నమ్మిందేమో. అనడానికి మాటలు రాలేదేమో. ఏది నిజమో ఇక నాకు తెలియదు.

రక్తపరీక్షలో సోడియం కొంచెం తక్కువ వచ్చింది. నాకు ఎంతో ఊరటగా అనిపించింది. డాక్టరు, "ఈ వయసులో సోడియం తగ్గితే ఇలాగే తికమక పడతారు. ఉప్పు కొంచెం పెంచండి, పది రోజుల్లో చూద్దాం," అన్నాడు. రాసిచ్చిన చీటీ పైభాగంలో "నో హెచ్/ఓ ట్రామా" అని ఉంది. దెబ్బ తగిలిన చరిత్ర లేదని దాని అర్థం. ఆ చీటీని నేనే ఫైలులో పెట్టాను.

ఆ పది రోజులూ మజ్జిగలో ఉప్పు వేసి ఇచ్చాను. ఏ పూట ఎంత తిన్నదీ, ఎంతసేపు పడుకున్నదీ రాశాను. కుడికాలి చెప్పు జారిపోతోందని రాశాను. గరిట చేతిలోంచి పడిందని రాశాను. నేను రాసిన పేజీలు ఏ డాక్టరు చదివినా ఒక్క నిమిషంలో చెప్పేసేవాడు. నేను రాసి మూసేశాను.

ముప్ఫై ఒకటో రోజు ఉదయం ఆమె మంచం మీద లేచి కూర్చోలేకపోయింది. నోరు ఒక పక్కకి లాగింది. కుడిచెయ్యి నా చేతిలో బరువుగా ఉంది గాని పట్టు లేదు. అంబులెన్సులో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. రమణి కోనీ నుంచి సరాసరి అక్కడికే వచ్చింది.

క్యాజువాలిటీలో ఒక లేడీ డాక్టరు నా ఫైలు తిరగేసి, "నో ట్రామా అని ఉంది. ఇది ఎవరు చెప్పారు?" అంది.

"నేను చెప్పాను. అది నిజం కాదు. ముప్ఫై ఒక్క రోజుల కింద కారు యాక్సిడెంట్‌లో తలకి తగిలింది."

ఆమె ఫైలు మూసేసి, "సీటీ, ఇప్పుడే," అని నర్సుకి చెప్పింది. నా వెనక రమణి నిలబడి ఉందని తిరిగి చూసేదాకా నాకు తెలియదు.

స్కానులో పుర్రెకీ మెదడుకీ మధ్య ఎడమవైపు నెలవంకలాగా పాత రక్తం కనబడింది. క్రానిక్ సబ్‌డ్యూరల్ హెమటోమా అన్నారు. న్యూరోసర్జన్ మెత్తగా మాట్లాడే మనిషి. ఫిల్ము లైటుకి పెట్టి చూపించాడు. "ఈ వయసులో చిన్న దెబ్బ చాలు. బ్లడ్ థిన్నర్ వేసుకునేవాళ్ళకి ఇంకా తేలిక. సన్నగా కారుతూ వారాల మీద పేరుకుంటుంది. మెదడు పక్కకి జరిగింది చూడండి, మిడ్‌లైన్ షిఫ్ట్ అంటాం. బర్ హోల్, అంటే పుర్రెకి చిన్న రంధ్రం, చేసి తీసేస్తాను. సమయానికి వస్తే చాలామంది నడుచుకుంటూ ఇంటికి వెళ్తారు."

సమయానికి అన్న మాట దగ్గర ఆయన ఆగలేదు. నేను ఆగిపోయాను.

ఆపరేషను బాగా జరిగిందన్నారు. తలకి రెండు రంధ్రాలు, ఒక గొట్టం. మర్నాడు వరహాలు కళ్ళు తెరిచి, గుండు తడుముకుని, ఈశ్వర్‌తో, "ఏట్రా, నన్ను తిరపతి తీసుకెళ్ళీసినారా?" అంది. పక్క బెడ్డు వాళ్ళు తెలుగు రాకపోయినా మా నవ్వు చూసి నవ్వారు. ఆ వాక్యం నా డైరీలో ఉంది. ఆమె పూర్తిగా చెప్పిన చివరి వాక్యం అది.

ఆ నవ్వు అయ్యాక రమణి నన్ను వరండాలోకి పిలిచింది.

"డాక్టరుతో ఎందుకలా సెప్పినారు నాన్నా? నా ఉద్యోగం కోసమా?"

"ఔను."

"నన్నడిగుంటే నానేటనేదాన్నో తెల్దా మీకు?"

"తెలుసు. అందుకే అడగలేదు."

ఆమె గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

మూడో రోజు ఫిట్స్ వచ్చాయి. మళ్ళీ స్కాను. ఈసారి కొత్త రక్తం. రీ-బ్లీడ్, క్రేనియాటమీ చెయ్యాలి, ఎముక తెరవాలి అన్నారు. సంతకం పెట్టమని ఇచ్చిన ఫారం నేను పక్కకి జరిపాను. ఈశ్వర్ పెట్టాడు. పద్నాలుగు రోజులు ఐసీయూ. వెంటిలేటరు తీశాక కళ్ళు తెరిచింది, మమ్మల్ని గుర్తుపట్టింది, పెదాలు కదిపింది. మాట రాలేదు. ఎక్స్‌ప్రెసివ్ అఫేసియా అన్నారు. మనం అన్నది చాలావరకు అర్థమవుతుంది, తాను అనవలసింది బయటికి రాదు.

డిశ్చార్జి రోజు సర్జన్‌ని ఒంటరిగా కలిశాను. "నేను మొదటి డాక్టరుకి నిజం చెప్పి ఉంటే?" అని అడిగాను.

ఆయన ఫైలు తెరిచి తేదీలు చూశాడు. "గ్యారంటీగా ఎవరూ చెప్పలేరు. పదకొండు రోజుల ముందు గడ్డ చిన్నది, మెదడు మీద ఒత్తిడి తక్కువ. బ్లడ్ థిన్నర్ ఆ రోజే ఆపేసేవాళ్ళం. అంతవరకే నేను చెప్పగలను." తర్వాత, "మీరు ఇప్పుడు ఆమెని చూసుకోండి," అన్నాడు. ఆ మంచితనాన్ని తట్టుకోవడం నాకు కష్టమైంది.

ఇన్సూరెన్సు సంగతి కూడా చెప్పాలి. ఎందుకంటే అంతా అక్కడే మొదలయింది.

ఆసుపత్రి వాళ్ళు రూలు ప్రకారం మెడికో లీగల్ కేసు రాశారు. ఒక కానిస్టేబుల్ వచ్చాడు. రమణి తన వాంగ్మూలం తనే చెప్పింది. "నేను నడిపాను, దూడ అడ్డం వచ్చింది, లైసెన్సు ఇదిగో," అంది. నేను ఇన్సూరెన్సు కంపెనీకి ఉత్తరం రాశాను. ముందు ఇచ్చిన కాగితం తప్పు, నడిపింది మా అమ్మాయి, నా భార్య తలకి దెబ్బ తగిలింది అని వివరంగా రాసి, డైరీ పేజీల కాపీలు జతచేశాను.

వాళ్ళ తరఫున ఒక అతను ఇంటికి వచ్చాడు. అందరి మాటలూ రాసుకున్నాడు. నేను డైరీ తెరిచి ఆ రోజు పేజీ చూపించాను. వేలితో వెనకా ముందూ నాలుగు పేజీలు తిప్పి, "అంకుల్‌జీ, ఇంట్లో కూర్చుని రాసిన డైరీ ఏ రోజైనా రాయొచ్చు. మీరు సంతకం పెట్టిన కాగితం మా దగ్గర ఉంది. డాక్టరు చీటీ మీ ఫైల్లో ఉంది. రెండిట్లోనూ దెబ్బ లేదనే ఉంది. మేం ఏది నమ్మాలి?" అన్నాడు.

నలభై ఏళ్ళకి పైగా ఒక్క టైము కూడా తప్పు రాయని డైరీలు గోడ బీరువా నిండా ఉన్నాయి. అతనికి వాటి వైపు చూడవలసిన పని లేదు. అతని మాటలో తప్పూ లేదు.

తప్పుడు సమాచారం ఇచ్చినందుకు క్లెయిము తిరస్కరిస్తున్నట్టు ఉత్తరం వచ్చింది. బండి బాగుచేయించే భారం మాదైంది. ఆసుపత్రి ఖర్చు రిటైరైన రైల్వేవాళ్ళకి ఉన్న సదుపాయం కింద చాలావరకు గడిచింది. వరహాలుకి తగిలిన గాయానికి పరిహారం అడగవచ్చేమో కనుక్కుందామని ఈశ్వర్ నన్ను వకీలు దగ్గరికి తీసుకెళ్ళాడు. పెద్దవయసు వకీలు, కాగితాలన్నీ ఓపికగా చదివాడు.

"అద్దె అగ్రిమెంటులో పేరు లేకపోవడం మీకూ దుకాణానికీ మధ్య గొడవ. దానికి మహా అయితే బంపరూ డోర్లూ మీ మీద పడేవి. బండిలో కూర్చున్న మనిషికి దెబ్బ తగలడం వేరే సంగతి. అమ్మాయికి లైసెన్సు ఉంది, బండికి పాలసీ ఉంది. మొదటి రోజే నిజం రాసి ఉంటే వాదించడానికి నాకు చోటు ఉండేది." కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "మీకు వ్యతిరేకంగా వేరేవాళ్ళు పుట్టించిన కాగితం ఇందులో ఒక్కటీ లేదు బాబూజీ. ఉన్నవన్నీ మీరు సంతకం పెట్టినవో, చెప్పి రాయించినవో."

ఆ తర్వాత రెండు నెలలకి రమణికి పర్మనెంటు ఆర్డరు వచ్చింది. పోలీసు వెరిఫికేషనులో చిన్న రోడ్డు ప్రమాదం ఉందని రాశారు, ఆఫీసులో దాని గురించి ఎవరూ అడగనేలేదు. ఆ కాగితం తెచ్చి వాళ్ళమ్మ ఒళ్ళో పెట్టింది. వరహాలు దాన్ని ఎడమచేత్తో నిమిరింది. రమణి లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. కుళాయి తిప్పిన చప్పుడు వినబడింది. చాలాసేపు అది కట్టలేదు.

ఇప్పుడు ఏడాదిన్నర గడిచింది. వరహాలు వాకరు పట్టుకుని గుమ్మందాకా నడుస్తుంది. కుడిచెయ్యి భుజందాకా లేస్తుంది, వేళ్ళు ముడుచుకోవు. ఫిజియోథెరపీ అమ్మాయి వారానికి మూడుసార్లు వస్తుంది. స్పీచ్ థెరపీ ఆయనకి తెలుగు రాదు. ఎలా చెప్పించాలో నాకు నేర్పాడు, నేను చెప్పిస్తున్నాను. పొద్దున పదికీ సాయంత్రం నాలుగుకీ ఎదురుగా కూర్చుని బొమ్మలు చూపిస్తాను. అరటిపండు, చెంబు, దువ్వెన. ఇప్పటికి పదకొండు మాటలు వచ్చాయి. నీళ్ళు, వద్దు, వేడి, రమణి, అచ్ఛా, ఇలాంటివి. నన్ను పిలవడానికి ఇదివరకు "ఏటండీ" అనేది. ఆ మాట రాలేదు. నేను కావలసినప్పుడు మంచం కోడు మీద తడుతుంది.

రమణి ప్రతి ఆదివారం వస్తుంది. వాళ్ళమ్మకి తల దువ్వుతుంది, గోళ్ళు తీస్తుంది. నాతో మాట్లాడుతుంది, మందుల గురించి, కరెంటు గురించి. ఆ ప్రమాదం తర్వాత ఆమె మళ్ళీ కారు నడపలేదు. ఒకసారి ఈశ్వర్, "తప్పు నీది కాదే, దూడది," అన్నాడు. "రిలీఫ్ ఇచ్చినోరిది," అంది, నవ్వుతున్నట్టే. నేను ఆ గదిలోనే ఉన్నాను.

మొన్న ఒక మధ్యాహ్నం బొమ్మలు పక్కన పెట్టి వరహాలుకి అంతా చెప్పాను. దుకాణంలో పెట్టిన సంతకం, ఫోనులో ఈశ్వర్ అన్న మాట, డాక్టరు దగ్గర తాను చెయ్యి ఎత్తి చెప్పబోతే నేను ఏమని మార్చి చెప్పానో. పాలు సింకులో పోసిన రోజు దగ్గర్నుంచి ఏ రోజు ఏం జరిగిందో డైరీ చూసి చదివి వినిపించాను. ఆమె కళ్ళు నా మొహం మీదే ఉన్నాయి. చివర్లో, "నేనే నీ మాట పోగొట్టాను వరహాలూ," అన్నాను.

కొంతసేపు పెదాలు కదిపింది. "నీళ్ళు," అంది.

లేచి గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఎడమచేతికి ఇచ్చాను. తాగలేదు. మెల్లిగా గ్లాసుని నా వైపు నెట్టింది. నేను తీసుకోకపోతే మళ్ళీ నెట్టింది. కొన్ని నీళ్ళు నా పంచె మీద ఒలికాయి. తాగాను.

దానికి అర్థం ఏమిటో నేను రాసుకోలేదు. "మధ్యాహ్నం మూడింటికి వరహాలు నాకు నీళ్ళు ఇచ్చింది" అని రాసుకున్నాను.

చదివేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఇంతే. బండి అద్దెదైనా సొంతదైనా, చిన్నగా తగిలినా పెద్దగా తగిలినా, అక్కడికక్కడ ఎవరికీ గాయాలు లేవని రాసిన కాగితం మీద సంతకం పెట్టకండి. తలకి తగిలిన దెబ్బ వారాల తర్వాత బయటపడవచ్చు. పొరపాటున పెట్టేసినా, ఆ కాగితాన్ని కాపాడటానికి డాక్టరు దగ్గర అబద్ధం ఆడకండి. తలకి దెబ్బ తగిలిందా అని ఆయన అడిగినప్పుడు, పక్కన కూర్చున్న మీరు రోగి మాటకి అడ్డం వెళ్ళకండి. రోగి వేరే భాషలో చెప్తే, ఆ మాటల్ని ఉన్నవి ఉన్నట్టు చెప్పండి. ఆమె చెయ్యి ఎక్కడ పెట్టుకుందో డాక్టరుని చూడనివ్వండి.